చదువు ఒకచోట, పరీక్ష ఒకచోట

1836 నవంబరు 28న ఇంగ్లండు రాజు నాలుగో విలియం పేరు మీద రెండు చార్టర్లు వెలువడ్డాయి. మొదటిదానితో లండన్ విశ్వవిద్యాలయం అనే కొత్త సంస్థ పుట్టింది. దానికి తరగతి గదులు లేవు, ఆచార్యులు లేరు, పాఠాలు చెప్పే బాధ్యతే లేదు. పరీక్ష పెట్టడం, నెగ్గినవాళ్ళకి డిగ్రీ ఇవ్వడం మాత్రమే దాని పని. రెండో చార్టరు గౌవర్ స్ట్రీట్‌లో అప్పటికి ఎనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న విద్యాసంస్థకి దక్కింది. పుట్టినప్పటి నుంచి అది తనని లండన్ యూనివర్సిటీ అనే పిలుచుకుంటోంది. ఆ రోజుతో ఆ పేరు కొత్తదానికి వదిలేసి, తాను యూనివర్సిటీ కాలేజీగా ఉండడానికి ఒప్పుకుంది.

పదేళ్ళు పోరాడి చివరికి సొంత పేరు పోగొట్టుకున్నారే అని జాలిపడేవాళ్ళుంటారు. నాకు మాత్రం ఆ రెండు కాగితాలూ పంతొమ్మిదో శతాబ్దపు సంస్కరణల కాలంలో ఇంగ్లండులో జరిగిన అతి చక్కని పనితనంగా కనిపిస్తాయి. ఒకరి ముఖం ఒకరు చూడని రెండు కాలేజీలని, ఎవరి నమ్మకాన్నీ మార్చమనకుండా, ఒకే డిగ్రీ కిందికి తెచ్చిన పని అది. మేకు కొట్టకుండా రెండు చెక్కల్ని బిగించే వడ్రంగి నేర్పు అందులో ఉంది. ఆ బిగింపు ఎంత గట్టిదంటే, ఇరవై ఏళ్ళ తర్వాత ఓడెక్కి మద్రాసు వచ్చింది. మన డిగ్రీ కాలేజీల గోడల మీద ఫలానా విశ్వవిద్యాలయానికి అనుబంధం అని ఈనాటికీ కనిపించే మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఆ అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. 1820ల నాటికి ఇంగ్లండులో ఉన్నవి రెండే విశ్వవిద్యాలయాలు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్. ఆక్స్‌ఫర్డ్‌లో చేరేటప్పుడే ఆంగ్లికన్ చర్చివారి 39 మత సూత్రాలకి సంతకం చెయ్యాలి. కేంబ్రిడ్జ్ కాస్త మెత్తన. చేరనిస్తుంది, చదవనిస్తుంది, డిగ్రీ చేతికిచ్చే రోజున మాత్రం ప్రమాణం అడుగుతుంది. కాథలిక్కులు, యూదులు, ఆంగ్లికన్ చర్చిలో కలవని ప్రొటెస్టెంటులు ఎంత చదివినా అక్కడ ఆగిపోవలసిందే. గణితం చదివినవాళ్ళకి జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ పేరు తెలిసే ఉంటుంది. మాత్రికల గణితంలో ఆయనది పెద్ద చెయ్యి. 1837లో కేంబ్రిడ్జ్ గణిత పరీక్షలో ఆయన రెండో స్థానంలో నెగ్గాడు. ఆయన యూదుడు. సంతకం చెయ్యలేదు కాబట్టి డిగ్రీ ఇవ్వలేదు. కేంబ్రిడ్జ్ ఆ డిగ్రీ ఇచ్చేసరికి 1872 అయింది. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. పరీక్షలో ఆయనకంటే ఎక్కువ తెలిసినవాడు ఒక్కడేనని విశ్వవిద్యాలయమే తేల్చి, ఆ మాట రాసివ్వడానికి ముప్పై అయిదేళ్ళు తీసుకుంది. ఈ ఒక్క ఉదంతం చాలు, లండన్‌లో కొంతమందికి నిద్ర ఎందుకు పట్టలేదో తెలియడానికి.

ఆ కొంతమందిలో మొదట గొంతెత్తినవాడు థామస్ కాంప్‌బెల్ అనే కవి. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయాన్ని చూసి వచ్చాడు. అక్కడ కాథలిక్కులూ ప్రొటెస్టెంటులూ ఒకే గదిలో కూర్చుని చదువుకోవడం ఆయన మనసుకి పట్టింది. 1825 ఫిబ్రవరిలో టైమ్స్ పత్రికలో హెన్రీ బ్రూమ్‌కి బహిరంగ లేఖ రాశాడు. లండన్‌కి ఒక విశ్వవిద్యాలయం ఎందుకు ఉండకూడదని అడిగాడు. బ్రూమ్ న్యాయవాది, పార్లమెంటు సభ్యుడు, మహా వక్త. లేఖ ఆయన చేతిలో పడడం ఒక అదృష్టమైతే, ఐజాక్ లయన్ గోల్డ్‌స్మిడ్ అనే యూదు వ్యాపారి తోడవడం ఇంకో అదృష్టం. అదే ఏడాది గోల్డ్‌స్మిడ్ మరో ఇద్దరితో కలిసి ముప్పై వేల పౌండ్లు పెట్టి గౌవర్ స్ట్రీట్ చివర, చెత్త పోగుపడి ఉన్న ఖాళీ నేలని కొనేశాడు. సంస్థకి అప్పటికి కాగితం మీద కూడా రూపం లేదు. స్థలం పోతుందేమో అని ముందు కొన్నారు.

చార్టరు అడిగితే ప్రభుత్వం ఇవ్వదు. చర్చి ఊరుకోదు, ఆక్స్‌ఫర్డ్ ఊరుకోదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలి? వాళ్ళు విశ్వవిద్యాలయాన్ని కంపెనీగా పెట్టారు. 1826 ఫిబ్రవరి 11న ఒప్పంద పత్రం రాసుకున్నారు. ఒక్కో వాటా నూరు పౌండ్లు. లక్షా యాభై వేల పౌండ్లకి తగ్గకుండా, మూడు లక్షలకి మించకుండా మూలధనం. ఒక్కో వాటాకి ఒక విద్యార్థిని పంపే హక్కు. రైలు కంపెనీలూ గ్యాస్ కంపెనీలూ పుడుతున్న రోజులవి. వ్యాపారులకి అలవాటైన అచ్చులోనే చదువుని పోశారు. డబ్బు కోసం చదువుని అంగట్లో పెట్టారని విరోధులు ఈసడించారు. ఆ మాటలో పస లేదు. రాజు తలుపు తియ్యనప్పుడు, చట్టం అందరికీ తెరిచి ఉంచిన ఒకే ఒక తలుపులోంచి వాళ్ళు వెళ్ళారు. పని తెలిసినవాడు చేతిలో ఉన్న పనిముట్టుతోనే మొదలుపెడతాడు.

ఆ పత్రం కింద ఏర్పడ్డ ఇరవై నలుగురి పాలకమండలి పేర్లు చదువుతుంటే ఒక యుగం కళ్ళ ముందుకి వస్తుంది. కాథలిక్ అయిన నార్‌ఫోక్ డ్యూక్, యూదు అయిన గోల్డ్‌స్మిడ్, బానిస వ్యాపారం మీద జీవితమంతా పోరాడిన ఆంగ్లికన్ భక్తుడు జకరీ మెకాలే, ఏ మతమూ పట్టని జేమ్స్ మిల్. జేమ్స్ మిల్ బ్రిటిష్ ఇండియా చరిత్ర రాసి, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నవాడు. జకరీ మెకాలే కొడుకే మన చదువుల మీద 1835లో ఆ ప్రసిద్ధమైన నివేదిక రాసిన థామస్ బాబింగ్టన్ మెకాలే. కుర్రతనంలో ఆయన ఈ కొత్త విశ్వవిద్యాలయాన్ని సమర్థిస్తూ పెద్ద వ్యాసమే రాశాడు. 1831లో ఎన్నికల సంస్కరణ బిల్లుని కామన్స్‌లో ప్రవేశపెట్టిన లార్డ్ జాన్ రస్సెల్ కూడా ఈ మండలిలో ఉన్నాడు. ఓటు తలుపు తెరిచినవాళ్ళూ చదువు తలుపు తెరిచినవాళ్ళూ చాలావరకు ఒకే మనుషులు.

ఇంతమంది ఇన్ని దారులవాళ్ళు ఒకచోట కూర్చుంటే మతం సంగతి ఏం చెయ్యాలి? మొదట్లో తలో శాఖకి ఒక మత బోధకుణ్ణి పెడదామనే ఆలోచన కూడా వచ్చింది. ఎవరిని పెట్టినా ఇంకొకరికి పడదు. చివరికి మత శాస్త్రం అసలు చెప్పకూడదని తీర్మానించారు. చేరేటప్పుడు సంతకాలు లేవు, మధ్యలో ప్రార్థనలు లేవు. ఆ రోజుల్లో క్రైస్తవ దేశంలో విశ్వవిద్యాలయం పెట్టి మత శాస్త్రం వదిలెయ్యడం ఎంత తెగింపో ఇప్పుడు ఊహించడం కష్టం. దేవుడు లేని బడి అని ఊరంతా ముద్ర వేసింది. వాళ్ళు మాత్రం దేవుడి ఊసెత్తకుండా, ఎవరి దేవుణ్ణి వాళ్ళ ఇంటికి వదిలేశారు.

ఇక కట్టడం. 1827 ఏప్రిల్ 30న రాజు తమ్ముడు ససెక్స్ డ్యూక్ శంకుస్థాపన చేశాడు. శిల్పి విలియం విల్కిన్స్. గ్రీకు కట్టడాలని స్వయంగా కొలిచి చూసినవాడు, గ్రీకు పద్ధతి మీద పిచ్చి ప్రేమ ఉన్నవాడు. ఆ ముఖమండపాన్ని కాస్త నిదానంగా చూడాలి. ముందు వరుసలో పది స్తంభాలు, కొరింథియన్ తరహావి, తలల దగ్గర ఆకులు విచ్చుకున్నట్టు చెక్కినవి. అవి నేల మీద లేవు. ఒక ఎత్తైన పీఠం కట్టి, దాని మీద నిలబెట్టాడు. మెట్లు అంత ఎత్తుకీ ఎక్కి మండపంలోకి చేరతాయి. పైన త్రికోణపు ముఖభాగం, వెనక గుమ్మటం. లండన్‌లో ఎనిమిది స్తంభాల మండపమంటేనే ఘనం. పది పెట్టి, ఎత్తు మీద పెట్టి, ఎదుట ఖాళీ వదిలి, దూరం నుంచి చూసేవాడి కళ్ళు పైకి లేచేలా చేశాడు. ఇదే విల్కిన్స్ తర్వాత నేషనల్ గ్యాలరీ కట్టాడు. అక్కడ పొడుగాటి ముఖభాగానికి మధ్యలో గుమ్మటం చాలకుండా పోయిందని ఇప్పటికీ అంటారు. గౌవర్ స్ట్రీట్‌లో ఆ లోపం లేదు. మండపానికీ గుమ్మటానికీ పొత్తు కుదిరింది.

ఈ సోకుకి డబ్బంతా ఖర్చయిపోయింది. విల్కిన్స్ గీసిన పథకంలో రెండు పక్కలా ముందుకి వచ్చే రెక్కలున్నాయి. వాటికి డబ్బు మిగల్లేదు. ఆ పక్క భాగాలు పూర్తయి చదరం మూతపడేసరికి 1985 వచ్చింది. పాఠాల గదులు కట్టకుండా మెట్లు కట్టారని అప్పట్లో విమర్శ. నేను విల్కిన్స్ పక్షమే. రాజు గుర్తింపు లేని సంస్థ, చర్చి తిట్టిపోస్తున్న సంస్థ, పిల్లల్ని పంపమని మధ్యతరగతి తల్లిదండ్రుల్ని అడుగుతోంది. ఆ తల్లిదండ్రులకి చూపించడానికి చార్టరు లేదు. ఇది నిలిచే సంస్థ, రేపు మూసుకుపోయేది కాదు అని చెప్పవలసిన భారం ఆ పది స్తంభాల మీద పడింది. అవి మోశాయి.

1828 అక్టోబరులో తరగతులు మొదలయ్యాయి. ఆచార్యుల ఎంపికలో కనిపించే ధైర్యం ఇప్పటి ఇంటర్వ్యూ బోర్డులకి రాదు. గణితానికి వచ్చిన ఆగస్టస్ డీ మోర్గన్ వయసు ఎంపికయ్యేనాటికి ఇరవై ఒకటి. పుట్టింది మన దక్షిణాదిలోనే, మదురైలో. తర్కశాస్త్రంలో ఆయన పేరు మీద ఉన్న సూత్రాలని ఇప్పుడు మన కంప్యూటర్ సైన్స్ పిల్లలందరూ చదువుతారు. ప్రాచ్య భాషలకి వచ్చిన ఫ్రీడ్రిక్ రోజెన్‌ది దాదాపు అదే వయసు. ఋగ్వేదం మొదటి అష్టకాన్ని లాటిన్ అనువాదంతో సిద్ధం చేసి, అచ్చు చూడకుండానే పోయాడు. లాటిన్ చెప్పిన కీ, గ్రీకు చెప్పిన లాంగ్ ఇద్దరూ జెఫర్సన్ పెట్టిన వర్జీనియా విశ్వవిద్యాలయంలో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు. ఇంగ్లీషు సాహిత్యానికి ఇంగ్లండులో మొట్టమొదటి ఆచార్య పదవి ఇక్కడే పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జ్‌లు ఆ పని చెయ్యడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. డీ మోర్గన్ తొలి తరగతుల్లో పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు కూర్చునేవాడు. పైన చెప్పిన సిల్వెస్టర్ వాడే. కేంబ్రిడ్జ్ డిగ్రీ నిరాకరించిన మరుసటేడే అతణ్ణి ఈ కాలేజీ ఆచార్యుడిగా పిలిచింది.

చర్చివాళ్ళు ఊరుకుంటారా? ఊరుకోలేదు, కాని వాళ్ళ జవాబు కూడా ఒక కాలేజీయే కావడం నాకు నచ్చుతుంది. 1828 జూన్‌లో ప్రధానమంత్రి వెల్లింగ్టన్ డ్యూక్ అధ్యక్షతన సభ జరిగింది. ఆంగ్లికన్ మతంతో కూడిన చదువు కోసం కింగ్స్ కాలేజీ పెట్టాలని నిర్ణయించారు. మరుసటి ఏడాది వెల్లింగ్టన్ కాథలిక్కులకి పార్లమెంటులో కూర్చునే హక్కు ఇవ్వబోతున్నాడని తెలియగానే, ఈ కాలేజీ అంతా ఆ కుట్రకి ముసుగు అని వించిల్సీ ప్రభువు పత్రికలో రాశాడు. వాటర్లూ విజేత అయిన వెల్లింగ్టన్‌కి పౌరుషం వచ్చింది. 1829 మార్చి 21న బాటర్సీ మైదానంలో ఇద్దరూ పిస్తోళ్ళు పట్టుకుని నిలబడ్డారు. వెల్లింగ్టన్ పక్కకి కాల్చాడు, వించిల్సీ గాల్లోకి కాల్చి తర్వాత క్షమాపణ రాసిచ్చాడు. దేశ ప్రధానమంత్రి ఒక కాలేజీ పేరు మీద ప్రాణం ఒడ్డిన ఘటన ఇంకెక్కడా జరిగి ఉండదు.

కింగ్స్‌కి చార్టరు ఆ ఆగస్టులోనే వచ్చింది. రాజు, చర్చి తోడుంటే పని ఎంత తేలిక! స్థలం కూడా ప్రభుత్వమే ఇచ్చింది, థేమ్స్ ఒడ్డున సోమర్సెట్ హౌస్ పక్కన. ఒకే షరతు. నది వైపు ముఖభాగాన్ని సోమర్సెట్ హౌస్ అసలు శిల్పి చేంబర్స్ గీసిన నమూనాలోనే పూర్తి చెయ్యాలి. రాబర్ట్ స్మర్క్ అలాగే కట్టాడు. ఇలా ఒకటి ఎత్తు మీద ఒంటరిగా నిలిచి తన ఉనికి చాటుకుంది. రెండోది అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనానికి చివరి ముక్కగా అమరిపోయింది. 1831 అక్టోబరులో తలుపులు తెరిచింది. ఆచార్యులు ఆంగ్లికన్లు కావాలన్నారు, భాషలు చెప్పేవాళ్ళకి మాత్రం మినహాయింపు. విద్యార్థులకి చేరేటప్పుడు సంతకం అడగలేదు. గట్టి చర్చివాళ్ళు కూడా తలుపు పూర్తిగా మూయలేకపోయారంటే, గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది.

ఉత్తరాన డర్హమ్ కథ ఇంకోరకం. సంస్కరణ బిల్లు చట్టమైంది 1832 జూన్ 7న. నెల తిరక్కుండానే జూలై 4న డర్హమ్ విశ్వవిద్యాలయ చట్టానికి రాజామోదం వచ్చింది. డర్హమ్ చర్చి మహా సంపన్నమైనది. కొత్త పార్లమెంటు ఆ ఆస్తుల మీద చెయ్యి వేస్తుందన్న భయం ఉంది. ఎవరో లాక్కునేలోపు మనమే మంచి పనికి ఇద్దామని పీఠాధిపతులు తేల్చుకున్నారు. బిషప్ వాన్ మిల్డర్ట్ తన వంతుగా చాలా ఇచ్చాడు. బిషప్పులు నివసించే కోటే కొన్నేళ్ళలో విద్యార్థుల వసతి అయింది. డిగ్రీకి మాత్రం ఇక్కడా ఆంగ్లికన్ ప్రమాణం తప్పలేదు.

డర్హమ్ పనితనం కట్టడంలో కంటే భోజనాల లెక్కలో కనిపిస్తుంది. 1846లో డేవిడ్ మెల్విల్ అనే యువకుడు అక్కడ హ్యాట్‌ఫీల్డ్ హాల్ అనే వసతి గృహం మొదలుపెట్టాడు. అంతకుముందు విద్యార్థి అంటే గదికి సామాను తనే కొనుక్కోవాలి, నౌకరుని పెట్టుకోవాలి, గదిలోకి భోజనం తెప్పించుకోవాలి. నెలాఖరున బిల్లు ఎంతొస్తుందో ఎవరికీ తెలియదు. మెల్విల్ మూడు మార్పులు చేశాడు. మంచం, బల్ల, కుర్చీ గదిలో ముందే ఉంటాయి, నౌకర్లు అందరికీ ఉమ్మడి. భోజనాలన్నీ హాల్లో అందరూ కలిసే. ఖర్చు ఎంతో ముందే చెప్పి అంతే తీసుకుంటారు. హాస్టల్, మెస్, మెస్ ఫీజు! మనకి ఇంత మామూలైన ఏర్పాటు వెనక ఒక మనిషి ఆలోచన ఉందని తెలిస్తే గౌరవం కలుగుతుంది. పేదింటి పిల్లవాడిని ఆపేది ఫీజు కంటే ఎక్కువగా ఎంతవుతుందో తెలియని ఖర్చు. దాన్ని మెల్విల్ పట్టుకున్నాడు.

మళ్ళీ లండన్‌కి వస్తే, 1830ల మొదట్లో చిక్కుముడి బిగుసుకుపోయింది. గౌవర్ స్ట్రీట్ డిగ్రీలిచ్చే అధికారం అడుగుతుంది. మతం లేని డిగ్రీ ఏమిటని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అడ్డం. వైద్యం చెప్పే లండన్ ఆసుపత్రులు మా విద్యార్థుల గతేమిటని అడ్డం. గౌవర్ స్ట్రీట్‌కి ఇస్తే మాకూ ఇవ్వాలని కింగ్స్. ఇద్దరికీ విడివిడిగా ఇస్తే ఒకే ఊళ్ళో రెండు డిగ్రీలు, ఏది గొప్పదన్న కొట్లాట. 1835లో కామన్స్ సభ పెద్ద మెజారిటీతో గౌవర్ స్ట్రీట్ వైపు మొగ్గింది. అయినా ప్రభుత్వం ఆ మాట ప్రకారమే చెయ్యలేదు. ఆర్థికమంత్రి థామస్ స్ప్రింగ్ రైస్ పూనిక మీద ఇంకో దారి వెతికింది. నేను మెచ్చుకునేది ఆ దారినే.

డిగ్రీ అనేదాంట్లో రెండు పనులు ఇమిడి ఉన్నాయి. ఒకటి నేర్పడం, రెండు నేర్చుకున్నాడని తేల్చడం. ఆక్స్‌ఫర్డ్‌లో ఆరువందల ఏళ్ళుగా రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి అవి రెండని ఎవరికీ తోచలేదు. మతం పేచీ ఎక్కడొస్తోంది? నేర్పడంలో. ఏ వాతావరణంలో, ఎవరి చేత, ఏ ప్రార్థనలతో అన్నదగ్గర. తేల్చడంలో పేచీ లేదు. త్రికోణమితి లెక్క కాథలిక్ చేసినా యూదుడు చేసినా జవాబు ఒకటే. అందుకని చార్టరు రెంటినీ సరిగ్గా ఆ గీత వెంట విడదీసింది. నేర్పడం కాలేజీలది, ఎవరి పద్ధతి వాళ్ళది. తేల్చడం విశ్వవిద్యాలయానిది, అందరికీ ఒకే పద్ధతి. గౌవర్ స్ట్రీట్ మతం ఊసెత్తకుండా నడుపుకోవచ్చు, కింగ్స్ ప్రార్థనలతో నడుపుకోవచ్చు. ఇద్దరి విద్యార్థులూ ఒకే ప్రశ్నపత్రం ముందు కూర్చుంటారు.

ఈ రెంటినీ కలిపే కీలు ఒక చిన్న కాగితం, కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్. మా దగ్గర నిర్ణీత కాలం చదివాడు అని కాలేజీ రాసివ్వాలి, అప్పుడే పరీక్షకి అర్హత. దీనివల్ల కాలేజీలకి విలువ పోలేదు, విశ్వవిద్యాలయం వాళ్ళ తరగతుల్లో వేలు పెట్టనక్కర్లేదు. గౌవర్ స్ట్రీట్, కింగ్స్ పేర్లు రాసి ఊరుకోకుండా, ఇకముందు ఆమోదం పొందే ఇతర సంస్థలకి కూడా చార్టరులో చోటు ఉంచారు. వైద్యానికి ఆసుపత్రుల బడులన్నీ అందులోకే వచ్చాయి. అలా వాళ్ళ పేచీ కూడా తీరింది. ఇద్దరి తగాదా తీర్చడానికి కూర్చుని ఎంతమందికైనా సరిపోయేది తయారుచేశారు. మా విద్యార్థికి డిగ్రీ వస్తుందంటే పేరెవరిదైతేనేం అనుకుని గౌవర్ స్ట్రీట్ వాళ్ళు పేరు వదులుకోవడం ఈ లెక్కలోనే అర్థమవుతుంది.

ఎంత పనితనమైనా ఎక్కడో చెయ్యి జారుతుంది. ఈ చార్టరు రాజుగారి ఇష్టం ఉన్నంతకాలం అనే మాటతో రాశారు. 1837 జూన్‌లో నాలుగో విలియం పోయాడు. ఆయన ఇష్టమూ ఆయనతోనే పోయింది! ఏడాదైనా నిండని విశ్వవిద్యాలయం చట్టం దృష్టిలో లేకుండా పోయింది. డిసెంబరులో విక్టోరియా పేరుతో చార్టరు మళ్ళీ రాయించుకోవలసి వచ్చింది. ఈలోగా సెనేట్‌లో ఇంకో పరీక్ష. ఫారడే లాంటి శాస్త్రవేత్తలతోపాటు రగ్బీ బడి పెద్ద థామస్ ఆర్నాల్డ్ కూడా సెనేట్‌లో ఉన్నాడు. బీఏకి బైబిలు పరీక్ష తప్పనిసరి చెయ్యాలని ఆయన పట్టుబట్టాడు. ఇష్టమున్నవాళ్ళే రాయవచ్చని సెనేట్ తేల్చింది. ఆర్నాల్డ్ రాజీనామా చేశాడు. పెద్ద మనిషిని పోగొట్టుకోవడం నష్టమే. తప్పనిసరి చేసి ఉంటే మాత్రం చార్టరు గీసిన గీత ఆ రోజే చెరిగిపోయేది.

1858లో కొత్త చార్టరుతో సర్టిఫికెట్ నిబంధన కూడా తీసేశారు. వైద్యం తప్ప మిగతా పరీక్షలు ఎవరైనా, ఎక్కడ చదివినా, ఇంట్లో కూర్చుని చదివినా రాయవచ్చు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1878లో, స్త్రీలని డిగ్రీలకి అనుమతించిన మొదటి బ్రిటిష్ విశ్వవిద్యాలయం ఇదే అయింది. న్యాయశాస్త్రం చదవడానికి వెళ్ళిన గాంధీ 1890లో ఈ లండన్ మెట్రిక్యులేషన్ రాశాడు. మొదటిసారి లాటిన్‌లో తప్పి, మళ్ళీ రాసి నెగ్గాడు. అడిగింది లాటినే, మతం అడగలేదు.

1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా నివేదిక, ఇండియాలో విశ్వవిద్యాలయాలు పెట్టేటప్పుడు లండన్‌నే నమూనాగా తీసుకోమంది. 1857లో కలకత్తా, బొంబాయి, ఆ తర్వాత సెప్టెంబరు 5న మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టాయి. మూడూ పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చేవే. తగవు తీర్చడానికి లండన్‌లో పుట్టిన ఏర్పాటు, ఖర్చు తక్కువని మనకి వచ్చింది. ఆచార్యులకి జీతాలివ్వనక్కర్లేని విశ్వవిద్యాలయం ఏ ప్రభుత్వానికి చేదు? ఆ ఉద్దేశం సంగతి ఎలా ఉన్నా, మేలు జరగలేదని మాత్రం అనలేను. విజయనగరం మహారాజా కాలేజీలో కూర్చుని గురజాడ అప్పారావు 1886లో మద్రాసు విశ్వవిద్యాలయం బీఏ పొందాడు. చదువు కోసం మద్రాసులో కాపురం పెట్టనక్కర్లేకపోయింది. మద్రాసులో చదివినవాడు రాసిన ప్రశ్నపత్రమే ఆయనా రాశాడు. దూరాన ఉన్న ఊరి పిల్లవాడి డిగ్రీకి రాజధాని పిల్లవాడి డిగ్రీకి ఉన్నంత విలువ కట్టడం చిన్న విషయం కాదు.

అయితే విడదీసిన పనుల్లో తేల్చడం పెరిగి నేర్పడాన్ని మింగింది, అక్కడా ఇక్కడా. పరీక్షలో ఏం వస్తుందో అదే పాఠం అయింది. పాఠం చెప్పే ఆచార్యుడికి ప్రశ్నపత్రం మీద మాట లేకపోయింది. లండన్ ఆచార్యులు దీని మీద ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 1898లో చట్టం చేసి, 1900లో లండన్ విశ్వవిద్యాలయాన్ని పాఠాలు చెప్పే సంస్థగా కూడా మార్చారు. బయటి అభ్యర్థుల పరీక్షలని మాత్రం ఎత్తెయ్యలేదు, అవీ నడిచాయి.

గౌవర్ స్ట్రీట్ తన మొదటి మాట మీద ఎప్పుడూ నిలబడిందా అంటే, ఒకసారి తడబడింది. 1866లో తత్వశాస్త్ర ఆచార్య పదవికి జేమ్స్ మార్టినోని కాదన్నారు, ఆయన యూనిటేరియన్ మత గురువన్న కారణం మీద. డీ మోర్గన్ అప్పటికి అరవైకి వచ్చాడు. మతం చూడబోమని చెప్పి పెట్టిన కాలేజీ మతం చూసి కాదన్నాక తనకి అక్కడ పని లేదని రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ స్తంభాల కంటే ఈ రాజీనామా తక్కువ కట్టడం అని నేను అనుకోను.

తెలుగువాళ్ళం ఈ కాలేజీని ఇంకో కారణంగా కూడా తలుచుకోవాలి. మన వేమనని వెలికితీసి, నిఘంటువు కట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కుర్రతనంలో కంపెనీ కొలువు కోసం చదువుకున్నది హెయిలీబరీ కాలేజీలో. ఆ భవనం గీసింది విల్కిన్సే. ఉద్యోగం వదిలి 1854 తర్వాత ఇంగ్లండు వెళ్ళిపోయిన బ్రౌన్, ముసలితనంలో కొంతకాలం తెలుగు ఆచార్యుడిగా ఉన్నది గౌవర్ స్ట్రీట్‌లోని యూనివర్సిటీ కాలేజీలో. అదీ విల్కిన్స్ గీసిందే.

గౌవర్ స్ట్రీట్ వాళ్ళు ఒప్పంద పత్రం రాసుకున్న సరిగ్గా నూరేళ్ళకి, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి. మొదట్లో అదీ ఉన్న కాలేజీలని చేర్చుకుని పరీక్షలు పెట్టేదే. తర్వాత వాల్తేరు చేరి, 1931లో సొంత కాలేజీ తెరిచి, తన ఆచార్యుల చేతే పాఠాలు చెప్పించింది. జిల్లాల్లోని కాలేజీలకి పరీక్షలు పెట్టడమూ మానలేదు.